డాబా మీది డిగ్రీలు

మూడో థర్మామీటరు కూడా రంగనాయకులును మోసం చేసింది.

"నలభై రెండేనండి!" డాబా మీది నుంచి ఆండాళ్ కేక దిగింది. వరండాలో పుస్తకం తెరిచి కూర్చున్న రంగనాయకులు ముఖం అంతకన్నా కిందికి దిగింది.

"సరిగ్గ చూసినవా?"

"కండ్లద్దాలు పెట్టుకునే చూసిన. నా మీద నమ్మకం లేకుంటె మీరే ఎక్కి చూడుండ్రి."

ఎక్కలేడు. ఉగాదికి ముందే రెండు మోకాళ్లకూ ఆపరేషనైంది. ఇప్పుడాయన ఎక్కగలిగింది భార్య మీద కోపం ఒక్కటే.

రాయచూరుకు రెండే కాలాలు: ఎండాకాలం, మండేకాలం. బజారులో ఇనుప సామాన్ల దుకాణం నడిపే రంగనాయకులు ఆ రెండింటినీ పదకొండేళ్లుగా పుస్తకానికెక్కిస్తున్నాడు. డాబా మీద తెల్ల చెక్కపెట్టె, అందులో థర్మామీటరు, రోజూ మధ్యాహ్నం రెండున్నరకు ఒక అంకె. చదివింది ఏడో తరగతే. "నాకు డిగ్రీ లేకున్నా, నా దగ్గరున్నన్ని డిగ్రీలు ఎవ్వని దగ్గర లేవు" అంటాడు.

ఆ అంకెలు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. అందుకే ఆయన మాట ఒకటే. ఈ వడగాడ్పులు దేవుడిచ్చినవి కావు, మనిషి చేసుకున్నవి. పొగ వదిలాం, చెట్లు నరికాం, వాతావరణాన్నే మార్చేశాం.

ఎదురింటి సోడాల సుంకప్ప ఒప్పుకోడు. "గలత్ మాట సావుకారూ. మా తాత కాలంల గూడ పిట్టలు రాలిపడ్డయంట. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. అది ప్రకృతి."

"ప్రకృతి గాదురా, వికృతి!"

పోయినేడు నలభై ఐదున్నర పడ్డరోజు గెలుపు రంగనాయకులుదే. ఊరి కేబుల్ ఛానెల్ నుంచి కుసుమ అనే అమ్మాయి మైకు పట్టుకుని ఇంటికే వచ్చింది. "కెమెరా ముందు మీరు హీరో సార్" అంది. వారం రోజులు వరసగా వచ్చింది. రంగనాయకులు తలకు రంగేసుకుని పేరు నిలబెట్టుకున్నాడు. ఆ వారమంతా ఆండాళ్ పులుసులో ఉప్పు మరిచిపోయింది.

ఈ ఏడు కథ అడ్డం తిరిగింది. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. కుళాయి తిప్పితే టీకి సరిపడే నీళ్లు. అయినా తన డాబా మీద పాదరసం నలభై రెండు దాటదు. పాదరసం దిగినకొద్దీ ఆయనకు నీరసం ఎక్కింది. ఉష్ణోగ్రతలో ఉష్ణం పోయి ఉగ్రత మిగిలింది. థర్మామీటరు మార్చాడు. పెట్టె జాగా మార్పించాడు. హైదరాబాదు నుంచి ఇంకోటి తెప్పించాడు. అదీ వచ్చీరాగానే సుంకప్ప పార్టీలో చేరిపోయింది.

సుంకప్పకు థర్మామీటరే లేదు. ఆండాళ్ కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది కదా! విని, సోడాబండి పలక మీద సుద్దతో రాసుకునేవాడు. ఆ పలక చూసి కుసుమ బండి అక్కడే ఆపింది.

"సావుకారు లెక్కే చూడమ్మా" అన్నాడు సుంకప్ప కెమెరాతో. "పోయినేడు నలభై ఐదున్నర. ఈ ఏడు నలభై రెండు. మనుషులు చేసిందయితె మళ్ల దిగుతదా?"

రంగనాయకులు అంకెలతోనే రంగనాయకులును ఎండగట్టాడు. ఛానెల్ కూడా పాత హీరో మీద శీతకన్ను వేసింది. ఆ ఎదురుమెట్ల మీద కుసుమ కూర్చుని సోడా తాగుతుంటే, గోళీ దిగిన ప్రతి చప్పుడూ రంగనాయకులు గుండెలోనే దిగేది.

"అంకెలు నావి, నోరు వానిది! కొత్త అంగీ గూడ కుట్టించుకున్నడు, చూసినవా? ఊరికి వడదెబ్బ, నాకు వాని దెబ్బ!"

"పక్కోణ్ని చూసి గిట్ల ఏడ్వొద్దండి" అంది ఆండాళ్ మెత్తగా. "కడుపుమంటకు మజ్జిగ మంచిది, తాగుండ్రి."

ఆదివారానికి కుసుమ పందెం పెట్టింది. ఆ రోజు అంకె పోయినేటి నలభై ఐదున్నర దాటితే, కెమెరా వీధి దాటి రంగనాయకులు ఇంటికొస్తుంది. పదకొండేళ్ల పుస్తకం పేజీ పేజీ చూపిస్తుంది. దాటకపోతే, ఎండలు ప్రకృతి సహజమేనని ఆయనే మైకులో ఒప్పుకోవాలి.

"ఒప్పుకుంట" అన్నాడు రంగనాయకులు. "ఒప్పుకొని పుస్తకం గూడ చింపేస్త."

ఆదివారం వీధంతా గొడుగుల కింద చేరింది. రంగనాయకులు ఇస్త్రీ అంగీ వేశాడు. తలకు వేసిన రంగు చెమటతో కలిసి చెవుల వెనక నల్లగా కారుతోంది. సుంకప్ప పలక తుడిచి, సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

"ఆండాళూ, రెండున్నరయింది!" రంగనాయకులు పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. "జర మంచిగ చూడు. పదకొండేండ్ల నా ఇజ్జత్ అంతా దాంట్లనే ఉంది."

"ఎన్నడన్న మంచిగ చూడకుంట ఉన్ననా?" అంటూ ఆండాళ్ కొంగు నెత్తిన కప్పుకుని, కాలే మెట్ల మీద మునివేళ్లతో గబగబా ఎక్కింది.

పైన పెట్టె తలుపు తీసి, నలభై ఏడు మీద నిలబడిన పాదరసాన్ని ఒకసారి, కింద పౌడరు అద్దుకుంటున్న కుసుమను ఒకసారి చూసి, ఎండాకాలం మొదలైనప్పటి నుంచి రోజూ తగ్గిస్తున్నట్టే నాలుగు డిగ్రీలు తగ్గించి ఆండాళ్ కేకేసింది: "నలభై మూడేనండి!"