నడిమి గీత

ఆ పొద్దున ఆకాశం కురవనూ కురవదు, కాయనూ కాయదు. ఎటూ తేల్చుకోకుండా వేలాడుతోంది.

అటెండరు చెప్పులు వేసుకుంటుంటే భార్య జుట్టు విరబోసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమయ్యా, నా దువ్వెన చూశావా?"

"నా నెత్తి చూసి అడుగు ఆ మాట," అన్నాడతను బట్టతల నిమురుకుంటూ.

"ఇంట్లో ఉన్నది ఇద్దరం. దానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా మరి?"

అతను చేతిసంచి చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

కాలేజీ కింది అంతస్తు చీకటిగదిలో ప్రొఫెసరుగారి ప్రయోగం ఉంది. పొడవాటి నల్లపెట్టె. లోపల వెంట్రుకంత చీలిక. అందులోంచి ఎలక్ట్రాన్లు దూరి, అవతలి తెరమీద వెలుగు గీతలుగా పరుచుకోవాలి. నడిమి గీత రెండింతలు వెడల్పు, అటూ ఇటూ సన్నవి. వారం రోజులుగా ఒక్క గీతా పడలేదు. ఇవాళ తనిఖీ కమిటీ వస్తోంది. పడకపోతే గదికి తాళం, అటెండరు పద్దెనిమిదేళ్ళ ఉద్యోగానికి నీళ్ళు.

"ఈ పూటైనా పడతాయంటావా?" అన్నాడు ప్రొఫెసరు.

"చీలిక తుడిచానండి. మీరు దాని జోలికి పోకండి."

పదింటికి కమిటీ దిగింది. ముగ్గురు. అటెండరు పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి స్విచ్చి నొక్కాడు. తెరమీద గీతలు బారులు తీరాయి. ప్రొఫెసరు నోరు తెరిచి, వెంటనే మూసుకున్నాడు.

"లోపలేం జరుగుతోందో చూద్దాం," అంటూ కమిటీ పెద్ద మూత మీద చెయ్యి వేశాడు.

అటెండరుకు పైప్రాణాలు పైనే పోయాయి.

"వద్దండి. ఆ ఎలక్ట్రాను కొత్తకోడలు లాంటిది. ఎవరూ చూడకపోతే ఇల్లంతా తానే తిరుగుతుంది. తొంగి చూశామా, ఓ మూల నిలబడిపోతుంది. ఇక గీతలుండవు."

పెద్ద చటుక్కున చెయ్యి తీసేశాడు. అటెండరుకు తెలిసింది తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకుంటాడా?

"పరిశీలిస్తే ఫలితం మారుతుంది. అంతేగా," అన్నాడు గంభీరంగా.

రెండో ఆయన స్కేలు తీసి తెరమీద కొలిచాడు. "నడిమిది సరిగ్గా రెండింతలు. పుస్తకంలో ఉన్నట్టే."

"పుస్తకంలో కన్నా బాగుంది," అన్నాడు మూడో ఆయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

గదిని మరో పదేళ్ళు నడపవచ్చని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టి వెళ్ళారు.

మధ్యాహ్నం అటెండరు ఇంటికొచ్చాడు. భార్య వేళ్ళతోనే చిక్కు తీసుకుని ముడేసుకున్నట్టుంది. మూతి ముడుచుకుని రెండు కంచాలు పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు.

చివరి ముద్ద అయ్యాక అతను లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, చేతిసంచిలోంచి టార్చిలైటు తీసి గూట్లో పెట్టి, సరిగ్గా నడిమి పన్ను విరిచేసిన దువ్వెనను ఆమె కంచం పక్కన పెట్టాడు.