మాత్రల డబ్బా

నా పెండ్లాం గిడ్డమ్మ నా మీద కోపంతోనే చచ్చింది. గుండెనొప్పి మాత్రల డబ్బా చేతి పక్కనే ఉంది. పంతానికి మూత కూడా తీయలేదు. గాజులా ఉండే ఆ ప్లాస్టిక్ డబ్బాలో రెండేళ్లుగా నేను వక్కపొడి పోసుకుంటున్నాను.

కల్లూరులో కొట్లకు రాత్రి వాచ్‌మన్‌ని. మొన్న రాత్రి టీవీలు బాగుచేసే రబ్బానీ తన కొట్లో ఒక్కడే ఉన్నాడు. టీవీ తెర మీది పలచని పొర ఒలిచాడు. తెర ఒట్టి తెల్లగా మిగిలింది. ఆ పొరలోంచి చూస్తే మాత్రం బొమ్మ కనిపించింది. పొరను తిప్పితే బొమ్మ మారిపోయింది.

"ఆ వక్కపొడి నా చేతిలో పోసి, ఖాళీ డబ్బా తెర ముందర పెట్టప్పా. తమాషా చూద్దువు," అన్నాడు. "ప్లాస్టిక్‌ను యాడ నొక్కితే ఆడ లోపలి పోగులు ఒకపక్కకు సాగుతాయి. ఆడ రంగులొస్తాయి. వదిలితే పోతాయి."

అలవాటుగా మూత బిగించి, డబ్బాను అడుగున పట్టుకున్నాను. రబ్బానీ పొర అడ్డం పెట్టాడు. మూత చుట్టూ ఐదు చోట్ల నెమలికంటి రంగులు వెలిగాయి. అంత అందం నేనెన్నడూ చూడలేదు.

"మూత మీంచి వేళ్లు తియ్యప్పా."

"నేను ముట్టుకోలేదు."

ఐదు రంగులూ ముదిరాయి. మెల్లగా తిరిగాయి, జారాయి, మళ్లీ పట్టుకున్నాయి. మూత కిర్రుమంది. రాలేదు.

గిడ్డమ్మ ఉన్నప్పుడు, చీమలు పడతాయని ఆ మూతను రోజూ బిగించి డ్యూటీకి పోయింది నేనే.

"ఎవరిదప్పా ఈ డబ్బా?" రబ్బానీ పొర దించి అడిగాడు.

మూత వదులు చేసి, డబ్బాను జేబులో వేసుకున్నాను. ఈ సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తను.