పి.కె. గారి గొంతు

ముందు వరసలో మధ్య కుర్చీకి ‘పి.కె. గారు’ అని కాగితం అంటించి ఉంది.

సారిక చూస్తుండగానే ఒక మామ్మ వచ్చి అందులో హాయిగా చతికిలబడింది. అరవై దాటిన మనిషి. సాయంత్రం కచేరీకి స్టేజీ మీద పెట్టడానికి కడియం నుంచి క్రోటన్ మొక్కలు తెచ్చింది.

“మామ్మగారూ, అది ఒక పెద్దాయన కోసం ఉంచామండి.” సారిక ప్రాక్టీసు ఆపి చెప్పింది.

“ఏ పెద్దాయనమ్మా?”

“లాకులు బ్యాండులో పాడిన పి.కె. గారండి.”

మామ్మ కాగితం వంక చూసి పక్క కుర్చీలోకి జరిగింది.

గోదావరి జిల్లాల్లో గిటారు పట్టిన ప్రతివాడికీ ‘లాకులు’ అంటే గురువుతో సమానం. నలభయ్యేళ్ల కిందట ధవళేశ్వరంలో నలుగురు కలిసి, అరువు డ్రమ్ములతో, చర్చి కీబోర్డుతో తెలుగులో న్యూవేవ్ రాక్ మొదలుపెట్టారు. రెండేళ్లు వాయించారు. ఒక్క క్యాసెట్టు చేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. అట్ట మీద ఫొటోలు లేవు, పేర్లకి పొడి అక్షరాలే. పాతికేళ్లు పోయాక ఆ పాటలు ఫోన్లలోకెక్కాయి, అప్పుడొచ్చింది పేరు. ఆ నెమ్మది పాటల్లోని దుఃఖం మీద ఒకాయన పుస్తకమే రాసేశాడు.

పి.కె. కోసం సారిక మూడేళ్లుగా వెతుకుతోంది. దొరక్కపోయినా, ఆయన పాటలతోనే పెట్టిన ఈ కచేరీ సంగతి విని వస్తారేమోనని ఆ కుర్చీ ఉంచింది. ఆయన్ని ఒక్కసారి స్టేజీ ఎక్కించి, అందరి ముందూ దణ్ణం పెట్టుకోవాలని ఆమె ఆశ.

మళ్లీ గొంతు తగ్గించి పాట అందుకుంది.

“గొంతు అలా నొక్కేసుకుంటున్నావేంటమ్మా?”

“ఇది మగగొంతు పాటండి.”

“మరి అంత మెల్లగా ఏంటి?”

“విషాదమండి.”

“ఎవరు పోయారని?”

డ్రమ్ముల వెనక రాజ్ కుమార్ కిసుక్కున నవ్వాడు. సారికకి ఒళ్లు మండింది.

“కాలవకి నీళ్లొదిలిన రోజున గంతులేసే పాటమ్మా ఇది. ఇలాగ.” మామ్మ కుర్చీ చేతి మీద గబగబా దరువేసింది.

“మీకెలా తెలుసండి?”

“అదే చెప్పబోతున్నా. అప్పట్లో నేను...”

“ఏమీ అనుకోకండి మామ్మగారూ, మాకు టైం లేదు. తర్వాత మాట్లాడుకుందాం.”

“సర్లే, నాకూ లోడుంది. దగ్గర లేకపోతే గులాబీల మీద కొబ్బరిమొక్కలు ఎక్కించేస్తారు. ఆ లారీలోనే పూనా దాకా పోవాలి.” మామ్మ లేచింది. “నీ గొంతు బాగుందమ్మా. దాంతోనే పాడు.”

సాయంత్రం మొదటి రెండు పాటలకే జనం ఆవలించారు. పి.కె. గారు రానేలేదు.

మూడో పాటకి రాజ్ కుమార్ ఏమనుకున్నాడో, మామ్మ వేసిన దరువు ఎత్తుకున్నాడు. ఆ వేగానికి సారిక తెచ్చిపెట్టుకున్న బొంగురు ఎగిరిపోయి సొంత గొంతు బయటికొచ్చింది. హాలంతా లేచి చిందులేసింది. పుస్తకం రాసినాయన చెప్పులు విడిచి మరీ గంతులేశాడు.

కచేరీ అయ్యాక ఒక ముసలాయన స్టేజీ దగ్గరికి వచ్చాడు. పేరు చంద్రరావు. ఒకప్పుడు నిడదవోలులో క్యాసెట్లు కాపీ తీసే కొట్టు నడిపాడు.

“ఇన్నాళ్లకి సరిగ్గా పాడారమ్మా. తప్పంతా నాది.”

“మీదేంటండి?”

“ఆ క్యాసెట్టు కాపీ తీసిన రోజు కరెంటు లేదు. రికార్డు చేసే మిషనుకి కొత్త బ్యాటరీలు వేసి, పాట వేసే దానికి అయిపోవచ్చినవి సర్దాను. అది ఈడ్చుకుంటూ తిరిగింది. అసలుది పోయింది. మీరంతా విన్నవి నా కాపీకి కాపీలే.”

సారికకి నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. “అంత సరదా మనిషిని ఏడుపుగొట్టు మనిషిని చేసేశామన్నమాట. ఆయన ఇవాళ ఇక్కడుంటే ఎంత బాగుండేదండి.”

“ఆయనేంటమ్మా? టేపు నెమ్మదిస్తే ఆడగొంతు మగగొంతైపోద్ది.” చంద్రరావు హాయిగా నవ్వాడు. “పాడింది మా ప్రసన్నకుమారి. పొద్దున్న ఫోన్ చేసి, మొక్కలు దింపడానికెళ్తే పిల్లలు తన పాటలే పాడుతున్నారని తెగ మురిసిపోయింది, అందుకే వచ్చానమ్మా.”