దండమే ఆనవాలు

మూల తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా జీపు. కోటేష్ బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. పల్లెవెలుగు బస్సు ముందుకీ వెనక్కీ ఊగి, జీపుకి జానెడు దూరంలో ఆగింది.

"అక్కా, వాళ్లే," అన్నాడు మెల్లగా.

కండక్టర్ నాగలక్ష్మి కిటికీలోంచి తొంగి చూసింది. పొద్దుటి నుంచి అడవి దారిలో బస్సులు ఆపుతున్నారని డిపోలో విన్నదే. ఎవరి కోసమో కూడా విన్నది.

ఐదు నెలల కింద ఒక ఇసుక లారీ, బడి నుంచి వస్తున్న స్తుతి అనే పిల్లను తొక్కేసింది. ఆరో తరగతి పిల్ల. లారీ ఓనరు బలగం ఉన్నవాడు. అందుకని చూసినవాళ్లంతా చూడలేదన్నారు. చూశానని సంతకం పెట్టింది దేవ్లా మాస్టారు ఒక్కరే. ఇవాళ పదకొండింటికి భద్రాచలం కోర్టులో ఆయన సాక్ష్యం. ఆయన చేరకపోతే కేసు గాలికి పోయినట్టే.

నలుగురు బస్సెక్కారు. ముందున్న పొడుగాటివాడి చేతిలో ఇనుప రాడ్డు. లారీ ఓనరు ఎక్కడి నుంచి కిరాయికి తెచ్చాడో ఏమో, మాటలో ఈ వైపు యాస లేదు.

"దేవ్లా మాస్టారు ఎవరు? మర్యాదగా లేవండి."

బస్సులో నలభై మంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు.

"ఫొటో కూడా లేదు కదన్నా, ఎలా పట్టుకుంటాం?" వెనకవాడు గొణిగాడు.

"ఫొటో ఎందుకురా? ముప్పై ఏళ్లు ఈ ఊళ్లన్నిటికీ చదువు చెప్పాడంట. ఈ రూట్లో ఆయన్ని చూసి దండం పెట్టనివాడు లేడంట. మర్యాద ఎవడికి జరుగుతుందో చూడు, వాడే."

పొడుగాటివాడు నాగలక్ష్మి వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఆయన?"

"తెల్వకేం? నాకు అ ఆలు దిద్దిచ్చిందే ఆయన." వాడి కళ్లలోకే చూస్తూ అంది. "ఆయన ఎక్కితే నా సీటిచ్చి నేను నిలబడ్త. ఇయ్యాల ఎక్కలే."

వాడు నమ్మలేదు. సీట్లన్నీ వెతకడం మొదలుపెట్టాడు. రెండో వరుసలో చూపు ఆగింది. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, ఒళ్లో నల్ల సంచి. పక్కనున్న ముసలమ్మ ఆయనకు కాలు తగలకుండా ఒదిగి ఒదిగి కూర్చుంది.

"ఓహో, ఇక్కడున్నారా సారూ!"

కాలర్ పట్టి లేపాడు. కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి.

"నేను పాస్టర్‌ను బాబూ. జస్టిన్ నా పేరు. ప్రార్థన ఉంది, పోతున్న."

"ఇలాంటప్పుడు అందరూ పాస్టర్లే!" రాడ్డు పైకి లేచింది.

నాగలక్ష్మి కళ్లు మూసుకుంది.

"ఆగుండ్రి!"

వెనక సీట్లోంచి ఒక ముసలాయన లేచాడు. మాసిన లుంగీ, భుజాన తువ్వాల, చంకలో గోనెసంచి. "ఆయనను ఇడిశిపెట్టుండ్రి. ఆయన కాదు. నేను చెప్త..."

నాగలక్ష్మికి ఎక్కడలేని పూనకం వచ్చింది. మెడలో టికెట్ మిషన్ ఊగుతుంటే నాలుగంగల్లో వెనక్కి పోయింది. ముసలాయన చెంప ఛెళ్లుమంది.

"నోర్ముయ్‌రా తాగుబోతోడా! పొద్దుగాల్నే తాగొస్తివి. ఎక్కంగనే చెప్పిన గదా, నోరు మూస్కొని మూలకు కూసోమని! పెద్దోళ్ల నడుమ నీకేం పనిరా?"

ముసలాయన చెంప పట్టుకుని ఆమెనే చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది కాదు బిడ్డా..."

"ఎవతెరా నీకు బిడ్డ? దిగు! నా బస్సుల నీ అసొంటోడు ఉండొద్దు!"

రెక్క పట్టుకుని ఈడ్చింది. తండ్రి వయసు మనిషి. చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు. అంతమందిలో ఒక్కరన్నా అయ్యో అనలేదు, పాపం పోనీ అనలేదు. అందరూ కిటికీల్లోంచి అడవిని చూస్తూ కూర్చున్నారు. వీళ్లూ మనుషులేనా!

పొడుగాటివాడు నవ్వుతూ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. "అమ్మో, నీతో పెట్టుకోకూడదే! పో తాతా, పో. ఇంటికెళ్లి పడుకో." అంటూ వీపు మీద ఒక్క తోపు తోశాడు. ముసలాయన రోడ్డు మీద మోకాళ్ల మీద పడ్డాడు. లేచి, సంచి ఎత్తుకుని, కుంటుకుంటూ చెట్లలోకి పోయాడు.

ఈలోగా ఒకడు పాస్టర్ సంచి బోర్లించాడు. బైబిల్, నూనె సీసా, చర్చి గుర్తింపు కార్డు పడ్డాయి. కార్డు మీద ఫొటో ఆయనదే.

"ఛ! వెనక బస్సు చూద్దాం పదండి."

జీపు పక్కకి జరిగింది. కోటేష్ గేరు వేశాడు. నాగలక్ష్మి తన సీట్లో కూలబడింది. అరచెయ్యి ఇంకా మండుతోంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

అక్కడ రోడ్డు గుట్టను చుట్టుకుని మూడు కిలోమీటర్లు పోతుంది. గుట్ట మీదుగా కాలిబాటన పోతే అందులో సగం కూడా ఉండదు. వాగు వంతెన దాటగానే కోటేష్ బస్సు ఆపి ఇంజన్ కట్టేశాడు. అక్కడ స్టాపు లేదు. ఎందుకు ఆపావని ఒక్కరూ అడగలేదు. అరగంట గడిచింది. నాగలక్ష్మి తలుపు తెరుచుకుని మెట్ల మీదే నిలబడింది.

పొదలు కదిలి, లుంగీకి అంటిన ముళ్లు దులుపుకుంటూ ముసలాయన బయటికొచ్చి మెట్టు మీద కాలు పెట్టగానే బస్సు బస్సంతా లేచి నిలబడింది, నాగలక్ష్మి ఆ పాదాలు పట్టుకుని "ఈ చెయ్యి ఇరగ్గొట్టుండ్రి మాస్టారూ" అంటూ బావురుమంది.