దెబ్బకీ దెబ్బకీ మధ్య

"మళ్లీ దెబ్బ మీదే వేశావు," అన్నాడు నాన్న.

ఇరవై దాటిన కూతురు డోలు మీద నుంచి చెయ్యి తీసి చెమట తుడుచుకుంది. సాయంత్రం నుంచీ ఇదే వరస. అమ్మ పీట మీద రోకలితో తాళం వేస్తోంది. అమ్మకి సంగీతమంటే పాలు పొంగే చప్పుడు తప్ప మరొకటి తెలియదు. కానీ రోకలి చేతికిస్తే గడియారం ఆమె ముందు దిగదుడుపే.

డోలు నాన్నదే. ఒకప్పుడు సెలవు రోజుల్లో బ్యాండుతో వెళ్లి వాయించేవాడు. ఇప్పుడు దాన్ని ముట్టుకోడు. తువ్వాలు కప్పుకుని, గోడకి ఆనుకుని, నోటితోనే పాఠం చెబుతాడు. కోపం మాత్రం అప్పటిదే.

తాళం మీద చప్పట్లు కొట్టడం ఎవరికైనా వస్తుందని అతని వాదన. చెయ్యి దానంతటదే అటు లాగుతుంది. ఆ లాగుడుని ఆపి, రెండు దెబ్బల మధ్య ఖాళీలో పడేలా చెయ్యడమే అసలు విద్య.

"దెబ్బ కోసం చూడకు. ఖాళీ కోసం చూడు. పడీ పడగానే చెయ్యి వెనక్కి వచ్చెయ్యాలి. అక్కడే మరిచిపోయావో, తర్వాతి దెబ్బ వచ్చేస్తుంది."

అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కూతురి చెయ్యి ఠక్కుకీ ఠక్కుకీ మధ్య చక్కగా పడి లేచింది. అమ్మ ముఖం విప్పారింది. అంతలో పిల్ల ధ్యాస తప్పింది. రోకలి చప్పుడూ డోలు చప్పుడూ ఒక్కటైపోయాయి.

అమ్మ రోకలి పక్కన పెట్టేసింది. పిల్ల ఇంకా తడబడుతోంది, నాలుగు రోజులు ఆగి పంపుదామంది. ఆగడానికి వాళ్లేం మన చుట్టాలు కారన్నాడు నాన్న. రేపు రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంట్లో అందరూ దాని మీదే ఆశ పెట్టుకున్నారు.

"భయంగా ఉంది నాన్నా. తప్పితే?"

"తప్పకూడదు," అన్నాడు. తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు తప్పావని తాళం ఆగదమ్మా."

అమ్మ కళ్లు ఒత్తుకుని రోకలి అందుకుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఎవరూ లేవలేదు.

తెల్లారాక, మొదటి షిఫ్టు సైరను మోగేసరికి, కూతురు చేతిలో రేకుముక్కతో, ఠక్కు ఠక్కుమని ఆగకుండా పడి లేస్తున్న ప్రెస్సు మిషను ముందు, నాన్న కుడిచేతి వేళ్లు నలిగిపోయిన చోటే నిలబడింది.