నోరు తెరవని మిషన్

“మూతి మొత్తం మూసిపెట్టిండ్లు. ఇగ ఏమంటుండో నాకెట్ల తెల్వాలె?” అంటూ శంకరవ్వ భర్త ముఖం మీదికి వంగింది.

ముక్కూ నోరూ కప్పేసిన మాస్కు లోపల దశరథం పెదవులు మసకమసకగా కదులుతున్నాయి. సిరిసిల్లలో ఒకే మరమగ్గాల షెడ్డులో పనిచేశారిద్దరూ. ఆయన సాంచెలు నడిపేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఆ సాంచెల మోతలో మాటెక్కడిది? పెదవి కదిలితే చాలు, ఆయనకు బీడీ కావాలో నీళ్లు కావాలో ఆమెకు తెలిసిపోయేది. పెళ్లయిన నాటి నుంచీ అదే కాపురం. కరీంనగర్ ఆస్పత్రికి తీసుకొచ్చి ఈ మాస్కు తగిలించాక ఆ కాస్తా పోయింది.

“గిది తీస్తె పాణం పోతది అవ్వా. లోపలికి గాలి కొట్టేది గిదే,” అంది సిస్టర్. అటు తిరిగి గొట్టం సరిచేస్తూ ఇంకేదో చెప్పింది. శంకరవ్వ ఆమె భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

“జర మల్ల చెప్పు బిడ్డా. పరేషాన్‌ల ఉన్న.”

“గొట్టం ఊడినా, మాస్కు జారినా మిషన్ అరుస్తది. అరిస్తె గాలి పోతలేదన్నట్టు. ఉరికొచ్చి నన్ను పిలువు. వెనక కాన్పు గదిల ఉంట.”

“గట్లనే బిడ్డా.”

డాక్టరు చెప్పాల్సింది పొద్దున్నే చెప్పేశాడు. బీడీ పొగ సగం, పత్తి దుమ్ము సగం తినేసిన ఊపిరితిత్తులవి. ఏటా చలికాలం ఆయాసం రావడం, మందులకు తగ్గడం మామూలే. ఈసారి తగ్గలేదు. పొద్దుగూకేదాకా ఈ మిషన్‌తో నెట్టుకొస్తే గండం గడిచినట్టే. లేదంటే గొంతులో గొట్టం వేయాలి, దానికి హైదరాబాద్ పోవాలి. అంత దూరం మనిషి ఆగడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

“అవ్వా! ఓ అవ్వా!” కొడుకు అంజన్న గుమ్మంలోంచి పిలిచాడు. ఆమె తల తిప్పలేదు. పాపం, ప్రాణమంతా మొగుడి మీదే ఉందాయె! అంజన్న లోపలికొచ్చి భుజం తట్టాడు.

“మందులు తేను పోతున్న. బాపు పైలం.”

“నువ్వేం ఫికర్ చెయ్యకు. కండ్లు ఆయన మీదికెళ్లి తియ్య.”

గదిలో మరో రోగి లేడు. శంకరవ్వ వేములవాడ దిక్కుకు తిరిగి చేతులు జోడించింది. “రాజన్నా, గీ మిషన్‌ను అరువనియ్యకు. పొద్దుగూకేదాంక దాని నోరు మూసిపెట్టు. ఇంటిల్లిపాది వచ్చి నీ గుడిల కోడెను కట్టి మొక్కు తీర్సుకుంటం.”

ఎగశ్వాసకు మంచమే ఊగుతోంది. రోజుల తరబడి దిండుకు ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తున్నాడు మనిషి. ఒకసారి గింజుకుని గోడ వైపు తిరిగాడు. గొట్టం భుజం కింద పడింది. శంకరవ్వ దుప్పటి లాగి మెడదాకా కప్పింది, మాస్కు మాత్రం ముట్టుకోలేదు. సిస్టర్ చెప్పిన మాట దాటే మనిషి కాదు.

కాసేపటికి ఎగశ్వాస నెమ్మదించింది. ఉబ్బిన మెడ నరాలు దిగాయి. పక్క గుడ్డను పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. మిషన్ మీద ఎర్రదీపం ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. అదీ దాని పనిలో పడ్డట్టుందని ఆమె అనుకుంది.

“పండుకో అయ్యా, పండుకో. నిద్ర మొఖం చూసి ఎన్నొద్దులాయెనో!”

నుదుటి మీద చెయ్యి వేసింది. పొద్దుటి కాక లేదు, చల్లగా ఉంది. జ్వరం కూడా విడిచిందన్నమాట! శంకరవ్వకు ఏడుపు ఆగలేదు. సంతోషంతోనే ఏడ్చింది. ఎన్ని మొక్కులు మొక్కినా పలకని దేవుడు ఈ ఒక్క మొక్కు విన్నాడు. ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మిషన్ వంక కృతజ్ఞతగా చూస్తూ కూర్చుంది.

అంజన్న తలుపు తోసుకుని వచ్చాడు. మందుల సంచి చేతిలో లేదు. వెనకే సిస్టర్, మోచేతుల దాకా తడి ఆరకుండానే ఉరుకుతూ వచ్చింది. ఇద్దరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. శంకరవ్వ లేచి వాళ్లకు అడ్డంగా నిలబడి, పెదవుల మీద వేలు పెట్టింది.

“సప్పుడు చెయ్యకుండ్రి! గిప్పుడే కన్నంటుకున్నది. రాజన్న దయ, మిషన్ ఒక్కపారి గూడ నోరు తెరువలే.”

మిషన్ అరుపు వీధి దాకా వినిపిస్తోంది.