అడుగు తేడా

"గుండ్రటి కొలనుకి చదరం లెక్క కట్టారేంటి మేస్త్రీ గారూ?" అంది దీప్తి, కాగితం మీద వేలు పెట్టి.

దైవాధీనం మేస్త్రీ ఆ వేలు వైపు చూశాడు. ఏడడుగుల్ని ఏడడుగులతో గుణించి, నాలుగడుగుల లోతు వేసి, ముప్ఫై నాలుగు బస్తాల సిమెంటు పడుతుందని రాసిచ్చింది ఆయనే.

"గుండ్రానికైనా చదరం కొలతే ఏస్తామండి. మా పనోళ్ళందరి లెక్కా ఇంతే."

"నేను హైస్కూల్లో లెక్కలు చెప్తానండీ. వ్యాసం ఏడు, వ్యాసార్ధం మూడున్నర. మూడున్నర ఇంటూ మూడున్నర ఇంటూ ఇరవై రెండు బై ఏడు. ముప్ఫై ఎనిమిదిన్నర చదరపు అడుగులు. మీరేమో నలభై తొమ్మిది వేశారు. ఆ నాలుగు మూలలూ ఎక్కడున్నాయో చూపించండి మరి!"

హనుమంతుడి ముందు కుప్పిగంతులా అని మనసులో అనుకుంది కూడా. మేస్త్రీ ఇప్పుడు గొంతు పెంచుతాడనీ, పాతికేళ్ళ అనుభవం అంటాడనీ ఎదురుచూసింది. ఆయన అవేవీ అనలేదు.

"మీ లెక్కే రాసుకోండమ్మా" అన్నాడు. మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

బందరులో ఈ పాత ఇల్లు కొని పదిరోజులైంది. పెరట్లో ఈ తామర కొలను ఉన్నంతకాలం రెండేళ్ళ కూతుర్ని ఇంట్లో అడుగుపెట్టనివ్వనని దీప్తి ఒట్టు పెట్టుకుంది. దాన్ని కాంక్రీటుతో పూడ్చేసి పైన కూర్చోవడానికి గుండ్రటి అరుగు చేయించాలి. చేతిలో మిగిలిన డబ్బు ఇరవై బస్తాల పనికి సరిగ్గా సరిపోతుంది. ఇల్లు కొన్న సంబరం బ్యాంకు చుట్టూ తిరగడంలోనే ఇంకిపోయింది. ఇప్పుడామెకి సంతోషమూ లేదు, దిగులూ లేదు. కూడికలూ తీసివేతలూ మాత్రం మిగిలాయి.

"లోతు కూడా మూడడుగులే" అంది.

"నాలుగమ్మా."

"పొద్దున్నే కొలిచానండీ."

"నాలుగే."

దీప్తి గోడవార ఉన్న కర్ర తెచ్చి ఆయన ఎదుటే నీళ్ళలోకి దింపింది. అడుగున ఆగిందాకా నొక్కి, పైకి తీసి, తడి ఉన్నంత మేర టేపు పెట్టింది. సరిగ్గా మూడడుగులు.

"చూశారా?"

"అది ఒండ్రు మీద ఆగిందమ్మా. తామర దుంపలకని కింద మట్టి పోశారు. అడుగు మందాన ఉంది. దాని కింద గచ్చు."

"ఉంటే ఉండనివ్వండి. ఆ మట్టి మీదే పోసేయండి."

"కుంగిపోద్దమ్మా. బీటలిచ్చి మళ్ళీ గొయ్యి పడద్ది, వానకి నీళ్ళు నిలబడతాయి. మట్టంతా ఎత్తిపోసి గచ్చు దగ్గర్నించీ పోసుకురావాలి. పిల్లలున్న ఇల్లన్నారు గదా."

దీప్తికి ఒళ్ళు మండాల్సిన చోటే అది. పిల్లల పేరెత్తితే తల్లులు పర్సు తీస్తారని తెలియని పనివాడుంటాడా? చదరంలో పోయిన బస్తాల్ని లోతులో రాబట్టుకుంటున్నాడు. కాని కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకి ఓపిక లేకపోయింది.

"మీ నాలుగడుగులకి ఇరవై ఏడు బస్తాలు. నా మూడడుగులకి ఇరవై. నా దగ్గర ఇరవైకే ఉంది. కుదరదంటే చెప్పండి, వేరే మేస్త్రీని చూసుకుంటాను" అంది.

"వేరేవాళ్ళు వద్దమ్మా. ఆ ఏడు బస్తాలూ నేనే తెచ్చుకుంటాను. దానికి పడే కంకరా ఇసకా కూడా."

"మీ డబ్బుతోనా?"

"ఆఁ."

దీప్తి కాగితం మడిచేసింది. బస్తాకి ఇంత చొప్పున వెనకేసుకునే మేస్త్రీల గురించి విన్నది గాని, తన చేతి డబ్బే ఎదురు వేసుకునే మేస్త్రీ గురించి ఎవరూ చెప్పలేదు. ఉత్తపుణ్యానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇందులో ఏదో మెలిక ఉంది. అదేమిటో తేల్చుకోకుండా పని అప్పగించేది లేదు.

"ఈ కొలను మీరే కట్టారా?"

"కాదమ్మా. ఉయ్యూరు నించి ఎవరో వచ్చి కట్టారు. దీని పనయ్యాక నేనూ మా ఇంటిదీ ప్రహరీ గోడకొచ్చాం."

"పోనీ ప్లానేమైనా చూశారా?"

"లేదమ్మా."

"అప్పుడు టేపు పెట్టి కొలిచారా?"

"నాకేం పనమ్మా కొలవడానికి?"

"కట్టింది మీరు కాదు, ప్లాను చూడలేదు, కొలవనూ లేదు. మరి కర్ర ఆగిన చోటుకి కింద ఇంకో అడుగుందని అంత ఖాయంగా ఎలా చెప్తున్నారండీ?" అంది దీప్తి, స్టెప్పులు వేయకుండా జవాబు ఒక్కటే రాసిన పిల్లల్ని నిలదీసినట్టు.

మేస్త్రీ కొలను వైపు తిరిగాడు. గొంతు ఇందాక బస్తాల లెక్క చెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"మా పాప వినీలని పైకి తియ్యడానికి దిగానమ్మా. కాళ్ళు గచ్చుకి తగిలేసరికి నీళ్ళు నాకు ఇక్కడి దాకా వచ్చాయి" అని, అరచెయ్యి అడ్డంగా రొమ్ముకి ఆనించి కొలత చూపించాడు.